కొలత ఎరుగని పాత్ర

రేడియో ఉద్యోగములో చేరిన దినముననే మాకు మా పెద్దలు నేర్పిన మొదటి పాఠము గడియారమును గౌరవించుట. ప్రసంగమునకు పది నిమిషములు ఇచ్చితిమనిన పది నిమిషములే. వక్త ఎంతటి పండితుడైనను, విషయము ఎంత రసవంతమైనను, పదునొకండవ నిమిషము ఆయనది కాదు. అది వార్తలది కావచ్చును. తుపాను హెచ్చరికది కావచ్చును. ఒకరి మాట తన హద్దు దాటినచో ఊరక గాలిలో కలిసిపోదు. వెనుక రావలసిన మాట మీద పడి దానిని తుడిచివేయును. అందుచేతనే ప్రసంగ పాఠమును ముందుగా చదివించి, కాలము కొలిచి, మించిన వాక్యములను వక్త సమ్మతితోనే తొలగించుచుందుము.

నేడు మేము ముచ్చటింపబోవు విషయము పైకి ఈ వృత్తికి చాల దూరమైనదిగా తోచును. కంప్యూటర్లను లోపలనుండి నడిపించు ప్రోగ్రాములు అక్షరములను ఎచ్చట దాచుకొనును, ఆ చోటు చాలనప్పుడు ఏమి జరుగును, జరుగకుండుటకు ఏమి చేయవలెను అన్నది నేటి విషయము. ఇది కేవలము యంత్రశాస్త్రజ్ఞుల గొడవ యని శ్రోతలు అనుకొనరాదు. నేడు చాలమంది చేతులలోనున్న ఆండ్రాయిడ్ ఫోనులకు మూలాధారము లినక్స్ అను కెర్నెలు. ఆ కెర్నెలులో అధికభాగము సి అను భాషలో వ్రాయబడినది. ఆ భాషలో అక్షరములకు చోటు కొలుచుటలో జరిగిన పొరపాటు ఒక్కొక్కప్పుడు ఇంటి తలుపు తెరచియుంచుటతో సమానము. అయినను కొంత విచారించినచో ఇదియు గడియారమును గౌరవించు పాఠమే యని తెలియగలదు.

ముందుగా రెండు మాటల అర్థము చెప్పుకొందము. కంప్యూటరు మెమరీ యనునది వరుసగా సంఖ్యలు వేసిన అరల వంటిది. తపాలా కచేరీలో ఉత్తరములు వేరుచేయు చిన్న చిన్న అరలను శ్రోతలు చూచియే యుందురు. మెమరీలో ఒక్కొక్క అర ఒక్క బైటును పట్టును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క అర చాలును. తెలుగునకట్లు కాదు. నేడు లోకమంతట వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో మన హల్లునకు మూడు అరలు, దానికి తగిలించు గుణింతపు గుర్తునకు మరి మూడు అరలు కావలెను. 'తెలుగు' అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. వెరసి 18 అరలు. ఇట్లు వరుసగా కూర్చిన అక్షరముల సరమును స్ట్రింగు అందురు. దానిని ఉంచుటకు ముందుగా కేటాయించిన అరల సముదాయమును బఫరు అందురు.

ఇక సి భాషలోని విశేషమేమనగా, స్ట్రింగునకు తన పొడవు తనకు తెలియదు. చిట్టచివర ఒక అరలో సున్న విలువ గల బైటు నొకదానిని ఉంచుదురు. చదువువాడు మొదటి అరనుండి బయలుదేరి, ఆ సున్న కనబడువరకు పోవలసినదే. కావున 'తెలుగు' అను మాటకు 18 చాలవు, 19 అరలు కావలెను. బఫరు సంగతియు అంతే. ఒక ప్రోగ్రాములోని భాగము మరియొక భాగమునకు బఫరును అప్పగించునప్పుడు దాని మొదటి అర ఎచ్చటనున్నదో మాత్రమే చెప్పును. అరలు ఎన్నియో చెప్పదు. కళ్లము మీదనుండి బండ్లు తోలుకొనివచ్చిన వానికి గాదె తలుపు చూపించితిమి గాని, గాదె ఎన్ని పుట్లు పట్టునో చెప్పలేదన్నమాట. వాడు పోయుచునే యుండును.

ఇంత ముఖ్యమైన విషయమును ఆ భాషను నిర్మించినవారు ఏల విడిచిరి? వారిని తప్పుపట్టుటకు ముందు వారి కాలమును తలచుకొనుట న్యాయము. సి భాష 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెనిస్ రిచీ చేతిలో రూపు దిద్దుకొన్నది. దానికి తల్లి బి అను భాష. అమ్మమ్మ బీసీపీఎల్ అను భాష. ఆ అమ్మమ్మ భాషలో స్ట్రింగునకు మొదటనే దాని పొడవును వ్రాసియుంచు ఆచారము కలదు. కాని ఆ పొడవు వ్రాయుటకు ఒక్క చిన్న అరయే యుండుటచే స్ట్రింగు కొంత పరిమితికి మించి పెరుగుటకు వీలులేకపోయినది. అంతేగాక పొడవును ఎప్పటికప్పుడు సరిచూచుకొనుట కంటె చివర గుర్తు పెట్టుకొనుటయే అనుభవములో సుకరముగా తోచినదని రిచీ తరువాత 1993లో వివరించెను. నాటి యంత్రములలో మెమరీ ఎంత కొద్దియో తలచుకొన్నచో ఒక్కొక్క అర ఎంత విలువైనదో ఊహింపవచ్చును. తమ ప్రోగ్రామును తామే వ్రాసి, తామే వాడుకొను కొద్దిమంది విద్వాంసుల నడుమ ఆ ఏర్పాటు చక్కగనే సాగినది. ఎదుటివాడు ద్రోహి కావచ్చునన్న తలంపు ఆ గదిలోనికి రాలేదు.

కాని ఆ గది తలుపులు లోకమునకు తెరచుకొన్నవి. 1988 నవంబరు 2వ తేదీ రాత్రి రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి తాను వ్రాసిన ప్రోగ్రామునొకదానిని నాటి ఇంటర్నెట్టులోనికి విడిచెను. అది ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తనంత తాను ప్రాకిపోవునది. ప్రాకుటకు దానికి కొన్ని మార్గములు కలవు. అందులో ఒకటి మన విషయమునకు సంబంధించినది. ఎవరు యంత్రమును వాడుచున్నారో అడిగినవారికి చెప్పుటకు ఫింగర్ అను సేవ యొకటి యుండెడిది. అడుగు ప్రశ్నను దాచుకొనుటకు అందులో 512 అరల బఫరు కలదు. ప్రశ్నను చదువు పనిని 'గెట్స్' అను ఫంక్షనునకు అప్పగించిరి. గెట్స్ నకు కొలత చెప్పు ఏర్పాటే లేదు. వచ్చినదంతయు పోసికొనుటయే దాని పని. మోరిస్ ప్రోగ్రాము 536 బైట్లు పంపెను. మించినవి ఇరువదినాలుగు మాత్రమే.

ఆ ఇరువదినాలుగు ఎచ్చటికి పోయినవి? ఇందులోనే అనర్థము యొక్క మర్మమున్నది. ఒక పని ముగిసిన తరువాత తిరిగి ఎచ్చటికి పోవలెనో ఆ చిరునామాను యంత్రము బఫరునకు సమీపముననే వ్రాసికొనియుండును. పొరలిన బైట్లు ఆ చిరునామా మీద పడి, దానిని తుడిచి, క్రొత్త చిరునామాను వ్రాసినవి. ఆ క్రొత్త చిరునామా వచ్చినవాడు తనతో తెచ్చుకొన్న ఆజ్ఞలదే. యంత్రము పాపము నమ్మకముగా అచ్చటికి పోయి, అపరిచితుని ఆజ్ఞలను తన యజమాని ఆజ్ఞలుగా నెరవేర్చినది. కొన్నివేల యంత్రములు స్తంభించిపోయినవి. ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఇట్టి ఆపదలను ఎదుర్కొనుటకు సెర్ట్ అను కేంద్రము నెలకొన్నది. మోరిస్‌ను న్యాయస్థానము శిక్షించినది. కాని గెట్స్ మాత్రము సి భాషా ప్రమాణ గ్రంథమునుండి 2011లో గాని తొలగలేదు. దోషము తెలిసినప్పటినుండి దానిని పారవైచుటకు ఇరువదిమూడు సంవత్సరములు పట్టినదన్నమాట. వాడుకలో పాతుకొన్న అలవాటును పెకలించుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

తరువాత జరిగిన కథ మరమ్మతుల కథ. ఒక పాత్రలోనిది మరియొక పాత్రలోనికి వంచు 'స్ట్ర్‌కాపీ' అను ఫంక్షనునకు గెట్స్ దోషమే కలదు. దానికి బదులుగా కొలత చెప్పుటకు వీలున్న 'స్ట్ర్‌ఎన్‌కాపీ'ని వాడుడని బోధించిరి. కాని అది పుట్టినది ఈ పనికి కాదు. తొలినాటి యూనిక్సులో ఫైలు పేరునకు సరిగా 14 అరలుండెడివి. పేరు చిన్నదైనచో మిగిలిన అరలను సున్నలతో నింపుట, సరిగా పట్టినచో చివరి సున్నను విడిచివేయుట అచ్చట తగియుండెను. దానినే స్ట్రింగునకు వాడినచో నిండిన బఫరునకు చివర సున్న లేకుండపోవును. తరువాత చదువువాడు సున్నను వెదకుచు హద్దు దాటి పొరుగు అరలలోనికి పోవును. వైద్యము వలన క్రొత్త వ్యాధి పుట్టినది.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ వారు 'స్ట్ర్‌ఎల్‌కాపీ'ని తెచ్చిరి. ఇది చివర సున్నను తప్పక ఉంచును, పట్టనిదానిని తెగగొట్టును, మూలమునందలి స్ట్రింగు మొత్తము పొడవు ఎంతయో జవాబుగా చెప్పును. ఆ పొడవును బఫరు కొలతతో పోల్చిచూచినచో తెగినదో లేదో తెలియును. మంచిదే. కాని పొడవు చెప్పుటకై అది మూలమును చివరివరకు చదువవలెను. పది అక్షరములు కావలసియున్నను పదివేల అక్షరములైనను చదువక తప్పదు. మూలమునకు సున్నయే లేకపోయినచో చదువు ఎచ్చట ఆగునో చెప్పలేము. లినక్స్ కెర్నెలు వారు 2015లో 'స్ట్ర్‌ఎస్‌కాపీ'ని ప్రవేశపెట్టిరి. ఇది కావలసినంతయే చదువును. తెగినచో ఋణసంఖ్య నొకదానిని జవాబుగా ఇచ్చును. పాత స్ట్ర్‌ఎల్‌కాపీని ఒక్కొక్కచోటనుండి తీసివేయుచు వచ్చి, 2024 నాటికి తమ కెర్నెలునుండి పూర్తిగా తొలగించిరి.

మరియొక చిత్రమైన ఉచ్చును గూడ చెప్పవలెను. సంఖ్యలను, మాటలను కలిపి వాక్యముగా కూర్చుటకు 'ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్' అను ఫంక్షను కలదు. దీనికి కొలత చెప్పవచ్చును. 1999 నాటి ప్రమాణములో దీనికి స్థానము లభించినది. కాని ఇది ఇచ్చు జవాబు తాను వ్రాసిన బైట్ల సంఖ్య కాదు, చోటు చాలియుండినచో ఎన్ని వ్రాసియుండెడిదో ఆ సంఖ్య. ఒక వాక్యము తరువాత మరియొక వాక్యమును చేర్చుకొనుచు పోవువాడు ఆ జవాబును నమ్మి తన స్థానమును ముందునకు జరుపుకొన్నచో, చోటు ముగిసినది తెలియకయే హద్దు దాటిపోవును. అటుపిమ్మట మిగిలిన చోటెంతయని తీసివేత చేయును. ఆ లెక్కలలో ఋణసంఖ్యకు తావులేదు. సున్నకు దిగువకు పోయిన సంఖ్య మహా పెద్ద సంఖ్యయై తేలును. జేబులో కాసు లేనివాడు కోటీశ్వరుడనని భ్రమించి వ్యయము చేయునట్లు, ఆ ప్రోగ్రాము తన ముందు అపారమైన చోటు కలదని వ్రాయుచు పోవును.

ఈ మరమ్మతులన్నిటిలోను ఒక సామాన్యలక్షణము కలదు. ప్రతి దానియందును కొలతను మనిషియే జ్ఞాపకముంచుకొని, ప్రతి పర్యాయము సరిగా చెప్పవలెను. జవాబును మనిషియే ప్రతి పర్యాయము చూడవలెను. ఒక్కసారి మరచినను ప్రమాదమే. పొరలుట ఆగినను తెగుట మిగిలియున్నది. తెగుట అంత పెద్ద దోషమా యని శ్రోతలలో కొందరు శంకింపవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే తలచితిమి. ఆ తలంపు మారిన సందర్భమును మనవి చేయుచున్నాము.

మేము పనిచేయు కేంద్రమున కార్యక్రమముల నడుమ చదువవలసిన చిన్న ఆరోగ్య సూచనలు అనౌన్సరు ఎదుటనున్న తెరమీద కనబడు ఏర్పాటు కలదు. వర్షకాలములో ఒక ఉదయము అనౌన్సరమ్మ ఒక సూచనను చదువ మొదలిడి, "కాచని నీరు త్రాగుట మంచి" అనువరకు చదివి, క్షణకాలము ఆగి, "మంచిది కాదు" అని తన తెలివితో ముగించినది. గాజు కిటికీ ఇవతలనున్న మాకు ఆమె ముఖము పాలిపోవుట కనబడినది. వెలుపలికి వచ్చి, "అయ్యా, తెరమీద అంతే ఉన్నదండీ. చివరి మాట లేదు" అన్నది.

యంత్రవిభాగములోని యువకుని పిలిపించితిమి. అతడు లెక్క వేసి చూపించినాడు. "కాచని నీరు త్రాగుట మంచిది కాదు" అను వాక్యమునకు, మాటల నడుమ ఖాళీలతో కలిపి, 82 బైట్లు. చివరి సున్నతో 83. సి భాషలో వ్రాసిన ఆ పాత ప్రోగ్రాములో సూచనకు కేటాయించినవి 64 అరలు. సున్నకు ఒకటి పోగా మిగిలినవి 63. "కాచని నీరు త్రాగుట మంచి" అను భాగమునకు సరిగా 63 బైట్లు. గుణింతము చెడలేదు, అక్షరము విరుగలేదు, అనుమానించుటకు చిన్న మచ్చయైనను లేదు. శుభ్రముగా తెగినది, తెగి, అర్థమును తలక్రిందులు చేసినది.

"ఇందులో ప్రోగ్రాము తప్పేమీ లేదండీ. హద్దు దాటలేదు. చెప్పినంతే తీసుకొన్నది" అన్నాడు ఆ యువకుడు.

"నాయనా, హద్దు దాటలేదు సరే. చాలలేదని ఎవరికైనా చెప్పినదా?" అని మేమడిగితిమి.

అతడు కొంతసేపు ఊరకుండి, "చెప్పినదండీ. అడిగినవాడు వినలేదు" అన్నాడు. తెగినదని తెలుపు జవాబును ఆ ఫంక్షను ఇచ్చుచునే యున్నది. ప్రోగ్రాము వ్రాసినవారు ఆ జవాబును చూడకయే విడిచిరి.

మన భాషలో ఇది మరింత జాగ్రత్తపడవలసిన విషయము. తెలుగు వాక్యములో క్రియ చివర వచ్చును. నిషేధము ఆ క్రియతోనే వచ్చును. 'కాదు', 'లేదు', 'వద్దు', 'కూడదు' అనునవన్నియు వాక్యము తోకలోనివే. తోక తెగిన తెలుగు వాక్యము పలుమార్లు అవునన్నట్లే వినబడును. నాడు గదిలో ఒక మనిషి యుండుటచే ఆ మాట ఆగినది. వాక్యమును యంత్రమే చదివి వేల ఫోనులకు పంపు నేటి దినములలో ఆ క్షణకాలపు విరామము ఎవరు తీసికొందురు?

ఇక మేము చెప్పదలచిన ప్రధానాంశమునకు వచ్చుచున్నాము. పొరలుటకును తెగుటకును మూలము ఒక్కటే. పాత్ర ఒకచోట, దాని కొలత ఒకచోట, ఎంత నిండినదను లెక్క ఇంకొకచోట, చాలలేదను సాక్ష్యము ఎవరును చూడని మరియొకచోట ఉండుటయే ఆ మూలము. ఈ నాలుగింటిని విడదీయరానట్లు ఒక్కటిగా కట్టియుంచినచో దోషములలో పెక్కు పుట్టకమునుపే నశించును.

లినక్స్ కెర్నెలులో దీనికి చక్కని దృష్టాంతము కలదు. స్టీవెన్ రోస్టెడ్ట్ అను ఆయన 2014లో రూపొందించిన 'సీక్ బఫ్' అను ఏర్పాటులో పాత్ర, పాత్ర కొలత, నిండిన లెక్క అను మూడును ఒక్క మూటగా కట్టబడియుండును. వ్రాయదలచినవాడు పాత్రను ముట్టుకొనడు. మూటను అందించి 'ఇది చేర్చుము' అని చెప్పును. మిగిలిన చోటెంతయో ఆ మూటయే లెక్కించుకొనును. పట్టనిది వచ్చినప్పుడు నిండిన లెక్కను పాత్ర కొలత కంటె ఒకటి ఎక్కువగా గుర్తు పెట్టుకొనును. పాత్రలో నిజముగా అంత ఉండుట అసంభవము గనుక, ఆ అసంభవ సంఖ్యయే 'చాలలేదు' అనుటకు చెరగని సాక్ష్యము. నాలుగవ దానికి వేరుగా చోటైనను అక్కరలేకపోయినది. ఆపైన ఏమి చేర్చబోయినను అది వ్రాయదు. కావున వ్రాయువాడు అడుగడుగునను జవాబు చూడనక్కరలేదు. ఇరువది వాక్యములు చేర్చి చివర ఒక్కసారి 'పొరలినదా?' అని అడిగిన చాలును. ఇరువది ప్రశ్నలు మరచువారుందురు గాని, ఒక్క ప్రశ్నను మరచువారు తక్కువ.

అయితే సురక్షితమైన పనిముట్టు కష్టమైనదైనచో జనులు దానిని అటకమీదనే యుంచుదురు. సీక్ బఫ్‌ను వాడుటకు మొదట బఫరును వేరుగా ప్రకటించి, మూటను వేరుగా ప్రకటించి, రెంటిని కలిపి కొలత చెప్పవలసియుండెను. చదువుకొనుటకు ముందు చివర సున్న ఉన్నదో లేదో తామే చూచుకొనవలసియుండెను. 2023లో కీస్ కుక్ అను ఆయన దీనిని సులభము చేసెను. ఇప్పుడు ఒక్క పంక్తిలో పేరు, కొలత చెప్పినచో పాత్రయు మూటయు కలిసియే పుట్టును. చదువుటకు అడిగినప్పుడు సున్నను తానే సరియైన అరలో పెట్టి ఇచ్చును. వ్రాయవలసిన పంక్తులు తగ్గినవి. తగ్గిన పంక్తులతోబాటు తప్పు చేయుటకు గల తావులును తగ్గినవి. సుకరమైనదియే సురక్షితమైనదియు నగుట – మేలైన పనిముట్టునకు ఇదియే లక్షణమని మా అభిప్రాయము.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. అంత శ్రమ ఏల, భాషనే మార్చరాదా యని కొందరందురు. ఆ ప్రయత్నమును సాగుచునే యున్నది. బఫరు కొలతను తానే కనిపెట్టుకొని యుండు రస్ట్ అను భాషకు 2022 డిసెంబరులో వెలువడిన 6.1 సంఖ్య గల లినక్స్‌లో మొదటిసారి చోటిచ్చిరి. కాని సి భాషలో ఇదివరకే వ్రాసియున్న పంక్తులు కోట్లకొలది. పాత ఇంటిని ఒక్కరోజున పడగొట్టి కట్టుట సాధ్యము కాదు. కాపురముండుచునే దూలములు మార్చుకొనవలెను. కొలతలు చూచుచుండుట వలన వేగము తగ్గునని మరికొందరందురు. ఒక సంఖ్యను మరియొక సంఖ్యతో పోల్చుట నేటి యంత్రమునకు ఎంత పని? స్తంభించిన వేల యంత్రములను బాగుచేయుటకు పట్టిన దినములతో దీనిని తూచిచూడవలెను.

ఇది సర్వరోగనివారిణి యనియు మేము చెప్పము. కొలత చెంతనున్న చాలదు, అది మనము స్వయముగా కొలిచినదై యుండవలెను. 2014 ఏప్రిలులో లోకమునకు తెలిసిన హార్ట్‌బ్లీడ్ దోషము దీనికి నిదర్శనము. రహస్య సంభాషణలను కాపాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను ప్రోగ్రాములో ఎదుటివాడు పంపిన మాటను తిరిగి పంపు ఏర్పాటు కలదు. వాడు చిన్న మాట పంపి, 'నేను పంపినది అరువదినాలుగు వేల బైట్లు' అని కల్ల చెప్పినను, ఆ ప్రోగ్రాము వాని మాట నమ్మి, చెంతనున్న మెమరీలోనివన్నియు కలిపి పంపివేసెడిది. అందులో తాళపుచెవుల వంటి రహస్యములును ఉండవచ్చును. అచ్చట కొలత లేకపోలేదు. పరుని కొలతను తన కొలతగా తలచుటయే పొరపాటు. ఎదుటివాడు ఇంతయని చెప్పిన ధాన్యమునైనను మన కుంచముతో కొలిచియే గాదెలో పోసికొనుట మన రైతులకు తెలియని సంగతి కాదు.

మా కేంద్రములోని తెర సంగతి ఏమైనదని శ్రోతలు అడుగవచ్చును. ఆ యువకుడు అరల సంఖ్యను పెంచుటతో ఊరకుండలేదు. ఎంత పెంచినను దానిని మించు వాక్యము ఏనాడో ఒకనాడు రాకమానదు గదా! చాలనప్పుడు తెగిన వాక్యమును చూపక, ఆ చోట ఎఱ్ఱని గుర్తుతో 'ఈ సూచన పూర్తిగా లేదు, చదువవద్దు' అని కనబడునట్లు చేసినాడు. అటుపిమ్మట రెండు మూడు పర్యాయములు ఆ గుర్తు కనబడినది. ఆయా సమయములలో మా అనౌన్సరమ్మ సూచనను విడిచి వీణానాదమును వినిపించినది. శ్రోతలు ఒక సూచనను కోల్పోయిరి గాని, తప్పు సూచనను వినలేదు.

మనిషియైనను యంత్రమైనను తన పాత్ర ఎంత పట్టునో ఎరిగియుండుట మొదటి గుణము. పట్టనప్పుడు పట్టలేదని వినబడునట్లు చెప్పుట రెండవ గుణము. మొదటిది లేనిచో పొరుగువానికి కీడు. రెండవది లేనిచో వినువానికి కీడు. ఈ రెండును మా స్టూడియోలోని గడియారము మాకు ప్రతిదినమును బోధించుచునే యున్నది. అదిగో, దాని పెద్దముల్లు మాకిచ్చిన హద్దును సమీపించుచున్నది. చెప్పవలసినది ఇంకను కొంత మిగిలియున్నది. పట్టలేదని మనవి చేసి, సెలవు తీసికొనుచున్నాము.